మర్యాదస్తుల ఊళ్ళో మెప్పుల పందేరం

మా కొత్తరేవులో ఉద్యోగం కావాలంటే పూర్వం ఎవరో ఒక పెద్దమనిషి తెలిసి ఉండాలి. దాన్ని సిఫారసు అనేవారు, అది తప్పు. ఇప్పుడు అయిదువందలమంది తెలిసి ఉండాలి. దీన్ని సామాజిక సంధానం అంటారు, ఇది పారదర్శకత. రెంటికీ తేడా ఏమిటండీ అని అడిగితే జిల్లా సంధానాధికారి నీలాద్రిరావు గారు నావంక జాలిగా చూసి, "అమ్మా, ఒకరు చెబితే అది పక్షపాతం. అయిదువందలమంది చెబితే అది దత్తాంశం" అన్నారు. దత్తాంశమంటే ఏమిటో నాకు తెలియదు. అధికారులకి ఎదురు చెప్పడం మా ఇంటా వంటా లేదు కాబట్టి ఊరుకున్నాను. నా సంగతి తెలిసినవాళ్ళు ఈ మాటకి నవ్వుతారు, నవ్వనీండి.

నా పేరు వీరవేణి. గోదావరి గట్టున మునిసిపాలిటీ వారి భోజనశాలలో వంటమనిషిని. పర్మినెంటు కాదు, ఏటా కార్తీకంలో కాంట్రాక్టు తిరగరాస్తారు. ఇసుక కూలీలు, ఆటోవాళ్ళు, కోర్టు వాయిదాలకొచ్చి వాయిదా పడ్డవాళ్ళు, అందరూ మధ్యాహ్నానికి నా పులుసు దగ్గరికే చేరతారు. నా నోరు మంచిది కాదంటారు గానీ నా చెయ్యి మంచిదని మాత్రం నా శత్రువులు కూడా ఒప్పుకుంటారు. మా ఆయన తాతాజీ పెళ్ళిళ్ళకి మైకుసెట్టు కడతాడు. మూఢం వచ్చిందంటే ఆయన మైకుకీ, మా ఇంటి పొయ్యికీ నా జీతమే దిక్కు.

అలాంటి రోజుల్లో ఆ జీవో వచ్చింది. టౌన్‌హాల్లో మా అందరినీ కూర్చోబెట్టి నీలాద్రిరావు గారు గంటసేపు మాట్లాడారు.

"నేటి సమాజం సామాజిక మాధ్యమాలను కాలక్షేపమునకు దుర్వినియోగపరచుచున్నది. ఇకమీదట ఉద్యోగార్థులు, వ్యాపారస్తులు వాటిని ఉద్దేశపూర్వకముగా వినియోగించుకోవలెను. ఇందునిమిత్తమై ప్రభుత్వమువారు 'సంధానం' అను వేదికను రూపొందించియున్నారు. పాకీపని మొదలుకొని నా పదవి దాకా ప్రతి ఒక్కరూ అందులో ఖాతా తెరవవలెను. మీ పరిచయస్తులు మీ నైపుణ్యములను సమర్థింతురు. ఏ నైపుణ్యమున ఎవరికి అత్యధిక సమర్థనలు వచ్చునో, ఆ ఉద్యోగము వారిదే. కంప్యూటరే నిర్ణయించును. మానవ హస్తము ఎక్కడా దూరదు!"

అందరం చప్పట్లు కొట్టాం. అవి కూడా మానవ హస్తాలే గానీ ఆయనేమీ అనుకోలేదు.

వెనక బెంచీలోంచి ఇడ్లీబండి మంగతాయారు లేచింది. "ఆయ్, మరి మా బండి లైసెన్సు కూడా ఇందులోనేనాండీ?"

"నిస్సందేహముగా. వ్యాపారమనగా పరిచయముల విస్తరణయే కదా."

"మరి ఇడ్లీ బాగుండక్కర్లేదాండీ?"

"అది ద్వితీయాంశము" అన్నారాయన.

సమర్థన అనే మాట మాకు నోరు తిరగలేదు. మేం 'మెప్పు' అని పేరు పెట్టుకున్నాం. మొదటి వారమంతా గులాబీపువ్వు మీద శుభోదయం అని రాసిన బొమ్మలు ఒకరికొకరం పంపుకున్నాం. రెండో వారం ఆయన మందలిస్తే మెప్పులు ఇచ్చుకోవడం మొదలెట్టాం. అక్కడే వచ్చింది చిక్కంతా.

మా వైపు వాళ్ళకి ఒక పాత జబ్బుంది, మర్యాద. మామిడితోట ఉన్నవాళ్ళింటికి మామిడిపళ్ళు పట్టుకెళ్ళం. పాడి ఉన్న ఇంటికి పెరుగు పట్టుకెళ్ళం. ఉన్నవాళ్ళకి ఉన్నదే పెడితే వెక్కిరించినట్టు. ఇచ్చేదేదో లేనిది ఇవ్వాలి, అప్పుడే అది ఇచ్చినట్టు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, ఉగ్గుపాలతో వచ్చింది. మెప్పుల విషయంలోనూ ఊరు ఊరంతా ఆ పద్ధతే పాటించింది. "వీరవేణికి వంటొచ్చని మనం చెప్పాలా ఏంటి? చెబితే నవ్విపోతారు. పాపం, ఆవిడకి ఏది లేదో అదిద్దాం" అనుకున్నారు.

నాకు ఏది లేదో ఊరందరికీ తెలుసు. నాకు నీళ్ళంటే ప్రాణభయం. మా పుట్టిల్లు సరిగ్గా ఏటికి ఆవలి గట్టున ఉంది. ఏరు దాటించే పంటు ఎక్కితే పావుగంట. నేను మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రెండు బస్సులు మారి వెడతాను. అందుకని మా పక్కింటి అనంతలక్ష్మి గారు మొదలు కమిషనర్ గారి డ్రైవరు దాకా ఎంతో ఆప్యాయంగా నాకు ఈతలో మెప్పులు ఇచ్చారు.

రేవులో ఓలేటి ఏడుకొండలు అని గజ ఈతగాడు ఉన్నాడు. వరదలో కొట్టుకుపోతున్న గేదెని కూడా కొమ్ముపట్టి లాక్కొచ్చిన మనిషి. ఒంటరివాడు, వండుకు తింటాడు. అతను అన్నం వండిన రోజున ఆ మాడువాసనకి వీధి మొత్తం తలుపులు వేసుకుంటుంది. అతనికి వంటలో మెప్పులు కుప్పతెప్పలుగా వచ్చాయి. జన్మలో నోరు విప్పని అటెండరు సన్యాసిరావుకి ఉపన్యాసకళలో వచ్చాయి. మంగతాయారుకి రోడ్డురోలరు నడపడంలో వచ్చాయి.

ఫలితాలు వచ్చినరోజు, రేవులో మునిగేవాళ్ళని కాపాడే గజ ఈతగత్తెగా నా నియామకపత్రం చూసుకుని నేను తిన్నగా నీలాద్రిరావు గారి గదిలోకి వెళ్ళాను.

"అయ్యా, నాకు ఈత రాదండి."

"నాలుగువందల పైచిలుకు మంది వచ్చని సమర్థించారమ్మా."

"వాళ్ళలో ఎవరైనా నన్ను నీళ్ళలో చూశారాండీ?"

"చూసి చెబితే అది సాక్ష్యము. చూడకుండా చెబితే అది విశ్వాసము. సంధానం విశ్వాసము మీద నడుచును."

"రాదని నేనే చెబుతుంటే మళ్ళీ విశ్వాసం ఏంటండీ బాబూ!"

"మీరు చెప్పునది స్వీయ అభిప్రాయము. అది కూడా సంధానం ద్వారానే రావలెను. కానీ 'ఈత రాకపోవుట' అను నైపుణ్యము ప్రస్తుతము జాబితాలో లేదు. చేర్చవలసినదిగా రాజధానికి రాసెదము. అయితే రాకపోవుట అనునది క్రీడాశాఖ క్రిందికి వచ్చునా, జలవనరుల శాఖ క్రిందికి వచ్చునా అనునది ముందు తేలవలెను. అంతవరకు మీరు ఈదుచుండవలెను."

మానేద్దామంటే ఇంట్లో పరిస్థితి చెప్పాను కదా. మూఢం ఇంకా దిగలేదు. మర్నాడు నారింజరంగు చొక్కా చీరమీద తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని, రేవు మెట్లమీద నిలబడ్డాను. మెట్లు అయిదు దిగితే నీళ్ళు, ఆ తర్వాత ఒక్కసారిగా లోతు. ఘాట్‌కి రెండు పోస్టులుంటే ఒకటి నాది, రెండోది ఎవరికీ చాలినన్ని మెప్పులు రాక ఖాళీ. భోజనశాల కూతవేటు దూరమే గానీ గంటగంటకీ పనిచోట నిలబడి ఫోటో తీసుకుని సంధానంలో పెట్టాలి. పైగా ఒక నైపుణ్యంవారు ఇంకో నైపుణ్యం గడప తొక్కకూడదని నిబంధన.

ఏడాదంతా ఆ రేవుని నేను దేనితో కాపాడానో చెబితే సిగ్గుచేటు. నా నోటితో కాపాడాను. ఎవరైనా మూడో మెట్టు దిగితే చాలు, "ఎక్కడికి నాయనా అలా దిగిపోతున్నావు, అడుగున మీ అత్తారిల్లుందా? పైకి రా! చెంబుతో పోసుకుంటే పుణ్యం రాదని ఏ శాస్త్రంలో ఉంది?" అని మొదలెట్టేదాన్ని. యాత్రికులు హడలిపోయి చీలమండలు తడుపుకుని వెళ్ళిపోయేవారు. గోదావరి స్నానానికి వచ్చి, నా తిట్లలో తడిసి వెళ్ళినవాళ్ళే ఎక్కువ.

అటు భోజనశాలలో ఏడుకొండలు పరిస్థితి నాకన్నా అన్యాయం. సాయంత్రం డ్యూటీ దిగాక వచ్చి నా పక్కన మెట్టుమీద కూలబడేవాడు.

"అక్కా, అన్నం అడుగంటకుండా ఎలాగక్కా?"

"నీళ్ళు చూసి పొయ్యాలి తమ్ముడూ."

"నీళ్ళ సంగతి నాకన్నా తెలిసినోడు లేడనుకున్నానే! ఇయ్యేళ కూలోళ్ళు నా సాంబారు నోట్లో ఎట్టుకుని, ఒకళ్ళ మొకాలొకళ్ళు చూసుకుని, బాగుందన్నారక్కా. తిడితే బాగుండును. బాగుందంటే ఏడుపొచ్చేసింది."

ఏడాది నిండవస్తుంటే నివేదిక వెళ్ళింది. కొత్తరేవు ఘాట్‌లో మునిగినవారు సున్న. భోజనశాలలో మిగిలిపోయిన ఆహారం సున్న. ఎవరూ తినడానికి రాకపోతే ఎవరికీ వండక్కర్లేదు, వండకపోతే మిగలదు, అది నివేదికలో రాయలేదు. నీలాద్రిరావు గారిని పక్క జిల్లాలవాళ్ళు పిలిచి శాలువాలు కప్పారు.

నాకు మాత్రం తిన్నది ఒంటపట్టేది కాదు. నా నోటికి లొంగనివాడు ఎవడో ఒకడు ఏదో ఒకరోజు వస్తాడు. జారతాడు. నా కళ్ళెదుట మునిగిపోతూ చెయ్యి పైకెత్తుతాడు. నేను గట్టుమీద నిలబడి విజిల్ ఊదుతాను. అంతకన్నా నేను చెయ్యగలిగింది లేదు. జీతం తీసుకుంటూ ఒక ప్రాణం పోతుంటే చూస్తూ నిలబడాలి. ఈ భయం నన్ను తినేసింది. కాంట్రాక్టు మళ్ళీ తిరగరాసే కార్తీకం దగ్గర పడుతుంటే ఏడుకొండల్ని కూర్చోబెట్టి చెప్పాను.

"తమ్ముడూ, మన ఊరు లేనిదే ఇస్తుంది. కాబట్టి నాకు వంట పోవాలి, నీకు ఈత పోవాలి. పోయినట్టు నలుగురికీ తెలియాలి. నీలాద్రిరావు గారు చెప్పింది అదే కదా, ఉద్దేశపూర్వకంగా వాడమని. వాడదాం."

మొదలెట్టాం. నేను గుత్తివంకాయ కూర చేసి, అందులో గుప్పెడు ఉప్పు, ఆపైన పంచదార వేసి, గిన్నెల్లో సర్ది వీధి వీధంతా పంచాను. అనంతలక్ష్మి గారు ఒక ముద్ద తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "అద్భుతంగా ఉందమ్మా వేణీ" అని, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కాబట్టి నాలుగు సున్నుండలు వేసి తిరిగిచ్చారు. ఆ సున్నుండల్లో ఎంత జాలి ఉందో నాకు తెలుసు. మా ఆయన సంగతి అడక్కండి. తాతాజీ రెండురోజులు నోరెత్తకుండా తిని, మూడోరోజు నా నుదురు పట్టుకుని చూసి, "ఒంట్లో బాగోలేదేంటే? డాక్టరు దగ్గరికెళ్దామా?" అన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా నా వంటని పొగడని మనిషి అలా అడిగేసరికి నాకు ఏడుపు ఆగలేదు. విషయం చెబితే అప్పుడు ఊపిరి పీల్చుకుని, మాడిన అట్టు ఫోటో తీసి, "మా ఆవిడ చేతి రుచి తగ్గింది, ఏ దిష్టో" అని సంధానంలో తనే పెట్టాడు. తర్వాత చీరకింద లారీ ట్యూబు కట్టి, ఇద్దరు మనుషులు గట్టునుంచి తాడు పట్టుకుని, నన్ను ఏట్లో తేల్చి ఇంకో ఫోటో తీశాడు. అందులో నేను నవ్వుతున్నట్టే ఉంటాను. అది దండకం చదువుతున్న మొహం.

ఏడుకొండలు నాకన్నా నటుడు. పక్కూరి హోటల్ బిర్యానీ ఫోటోలు రోజుకొకటి పెట్టి, "నేనే వండితిని" అని రాశాడు. కుళాయి దగ్గర బిందె నిండితే అమ్మో అని పరిగెత్తేవాడు. రేవు మొదటి మెట్టు మీద కూర్చుని గజగజ వణికేవాడు. వరదలో గేదెని లాక్కొచ్చిన మనిషి వానచినుకుకి కేకలు పెడుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు, "అయ్యో, ఏ గాలి సోకిందో పాపం" అని కళ్ళొత్తుకున్నారు. జాలి పుట్టిందంటే మెప్పు దారిలో ఉన్నట్టే.

మెప్పులకి ఆఖరిరోజు కార్తీక పౌర్ణమి అయింది. ఆ ఉదయం నీలాద్రిరావు గారు ఘాట్‌కి వచ్చారు, మునిగినవారు సున్న అన్న సంగతి రాష్ట్రమంతటికీ ఫోన్లో ప్రత్యక్షంగా చూపించడానికి. తాతాజీ మైకు కట్టాడు. ఊరంతా వచ్చింది. మొదటి మెట్టు మీద ఏడుకొండలు వణుకుతూ కూర్చున్నాడు.

"ప్రియమైన పరిచయస్తులారా!" అని నీలాద్రిరావు గారు నదికి వీపుపెట్టి ఫోను ఎత్తారు. గోదావరి మొత్తం ఫోనులో పట్టలేదు. ఒక మెట్టు వెనక్కి దిగారు. పట్టలేదు. ఇంకో మెట్టు దిగారు.

"సార్, నాచు! పైకి రండి సార్!" అని అరిచాను. నా నోటికి లొంగనివాడు వస్తాడన్నాను కదా, వచ్చాడు. "నిబద్ధతతో కూడిన ఈ గజ ఈతగత్తె హెచ్చరికలను వినుడు" అని ఫోనుకి చెబుతూనే ఆయన కాలుజారి నీళ్ళలో పడ్డారు. పడి, కిందికి పోయారు. చెయ్యి ఒక్కటి పైకి లేచింది. అందులో ఫోను ఉంది.

జనం కూడా ఫోన్లు పైకెత్తారు. నేను విజిల్ ఊదాను. ఊదుతూ మెట్లు దిగబోయాను. కాళ్ళు రెండో మెట్టు దాటలేదు. ఏడాదిగా నేను ఏది తలుచుకుని భయపడ్డానో అది అచ్చం అలాగే జరుగుతోంది, నేను అచ్చం అలాగే నిలబడి ఉన్నాను.

ఏడుకొండలు నావంక చూశాడు. ఇప్పుడు దూకితే ఇన్నాళ్ళ నాటకం నీళ్ళపాలు, ఇంకో ఏడాది మాడు అన్నం. "తప్పదక్కా" అని మాత్రం అన్నాడు. దూకేశాడు. రెండు బారలు వేసి నీలాద్రిరావు గారి జుట్టు దొరకబుచ్చుకున్నాడు.

ప్రాణం దక్కిందని తెలియగానే నా కాళ్ళతోపాటు బుర్ర కూడా కదిలింది. వందలమంది చూస్తున్నారు. ఏడుకొండలికి ఈత ఉందని ఇంకో క్షణంలో ఊరంతా అనేస్తుంది. తాతాజీ చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"అయ్యయ్యో! ఏడుకొండలు కాలుజారి పడిపోయాడు బాబోయ్! నీలాద్రిరావు గారు ప్రాణాలకి తెగించి కాపాడుతున్నారు! చూడండి, తన జుట్టు అతని చేతికిచ్చి మరీ లాక్కొస్తున్నారు! ఆహా, అధికారంటే ఆయనండీ!"

నా ప్రసంగం విన్నాడో ఏమో, గట్టు దగ్గరికి రాగానే ఏడుకొండలు కళ్ళు తేలేసి మెట్లమీద వెల్లకిలా పడిపోయాడు. నీలాద్రిరావు గారు ఇంతెత్తున నీళ్ళు కక్కి, చుట్టూ చప్పట్లు విని, ఒక నిమిషం ఆలోచించి, "ఇది నా కర్తవ్యము మాత్రమే" అన్నారు.

ఊళ్ళో ఎవరూ గుడ్డివాళ్ళు కాదు. ఏం జరిగిందో అందరూ చూశారు. ఆయన మునిగిన తీరు చూసి అందరికీ మనసు కరిగిపోయింది. ఇంత పెద్ద ఆఫీసరు, ఇంత చదువు, పాపం ఈత లేదు. మా వాళ్ళ సంగతి మీకు ఈపాటికి తెలుసు.

మర్నాడు కంప్యూటరు ఫలితాలు ఇచ్చింది. వంటలో ప్రథమురాలు వీరవేణి. నేను ఆ కాగితం కళ్ళకద్దుకున్నాను. ఘాట్‌లో రెండు పోస్టులకి ఒకటి ఏడుకొండలికి వచ్చింది, అప్పటికే పడిన జాలి మెప్పులతో రెండో స్థానంలో. మొదటి స్థానంలో, జిల్లా చరిత్రలో ఎవరికీ రానన్ని మెప్పులతో, నీలాద్రిరావు గారు.

ఆయన రద్దు చెయ్యమని రాజధానికి రాశారట. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. "అధికారియే స్వయముగా నదిలో దిగుట ఇతరులకు ఆదర్శప్రాయము. మానవ హస్తము దూరుటకు వీలులేదు. ప్రస్తుత పదవికి అదనపు బాధ్యతగా తక్షణమే ఘాట్‌లో చేరవలెను."

వారం తర్వాత మధ్యాహ్నం నేను పొయ్యిమీద పులుసు దించుతుంటే నారింజరంగు చొక్కాలో ఆయన వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. భోజనాలగది నిండిపోయి, జనం బయట వరసలో ఉన్నారు. ఆయన మొహం పీక్కుపోయింది.

"వీరవేణమ్మా" అన్నారు, గ్రాంథికం ఎక్కడో పారేసుకుని. "నాకు నిద్ర పట్టడంలేదమ్మా. ఎవరైనా పడితే నేనేం చెయ్యను? దీన్లోంచి బయటపడే మార్గం ఏదైనా ఉంటే చెప్పు."

ఆ భయం ఏమిటో నాకు తెలుసు. అంతవరకూ ఆయనమీద ఉన్న కోపం సగం పోయింది. పీట వేసి, అన్నం పెట్టి, పులుసు పోశాను. "ఒక్కటే మార్గమండీ. ఈత నేర్చేసుకోండి. మీకు ఈత వచ్చని ఊరందరికీ తెలిసిందనుకోండి, వచ్చే ఏడు ఒక్కరంటే ఒక్కరు ఇవ్వరు" అన్నాను.

ఆయన ఆశగా రెండోసారి అన్నం పెట్టించుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం గిన్నెలు తోమి గట్టుమీదికి వచ్చేసరికి ఏడుకొండలు నీళ్ళలో మునిగిన ఆఖరి మెట్టు మీద నడుములోతున నిలబడి, నీలాద్రిరావు గారి పొట్టకింద చెయ్యి పెట్టి ఆడిస్తున్నాడు. ఆయన కళ్ళు మూసుకుని కాళ్ళూ చేతులూ టపటపా కొట్టుకుంటున్నారు. నన్ను చూసి ఏడుకొండలు గట్టువైపు ఒంగి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఈయనకి ఒళ్ళు బాగానే వంగుతోందే. పదిరోజుల్లో నేర్పేత్తాను. ఏమంటావు?"

నేనూ గొంతు తగ్గించాను.

"తొందరేముంది తమ్ముడూ, నెమ్మదిగా నేర్పు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆయన జీవోలు రాయలేరు."